వెనక్కి వేయని పిడికిళ్లు

టీవీలో యుద్ధం గురించి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోటు తొడుక్కుని, గోడంత మ్యాపు ముందు నిలబడి, ఈ క్షిపణి ఇంత దూరం పోతుంది, ఆ డ్రోను అంత బరువు మోస్తుంది అని క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతారు. ఆ మ్యాపులో వాళ్లు కర్ర పెట్టి చూపించిన చోటనే మా ఆయన ఉన్నాడు. ఓడరేవు పక్కన ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. పెళ్లయిన రెండో ఏడు పోయిన మనిషి, నడుమ నడుమ సెలవు మీద వచ్చిపోవడమే తప్ప, జుట్టు తెల్లబడేదాకా అక్కడే. మా కోరుట్లలో గల్ఫులో ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. మా వాడలో ఇంటికొకరు దుబాయి. అందుకని యుద్ధం ఎక్కడో జరిగిందంటే నేను ఒప్పుకోను. బాంబులు అక్కడ పడ్డాయి, కూలింది మా వాడ.

మొదట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. విమానాలు ఆగాయన్నారు, పోనీ అనుకున్నాం. తర్వాత జీతాలు ఆగాయి. ఆ తర్వాత గ్యాసు బండ రావడం ఆగింది. మన గ్యాసు ఆ సముద్రం మీదుగానే వస్తుందని, అక్కడ ఓడ ఆగితే ఇక్కడ పొయ్యి ఆరుతుందని నాకు అప్పుడే తెలిసింది. మేడలు కట్టుకుని గ్రానైటు గట్టు మీద వండుకునే ఆడవాళ్లం పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కళ్లల్లో నీళ్లు కారుతుంటే కట్టెలు ఊదుకున్నాం. మా ఎదురింటి వాళ్లు కొత్తిల్లు మొదలుపెట్టారు. పిల్లర్లు లేచాయి, పైన స్లాబు పడలేదు. మేస్త్రీ తన సామాను తీసుకుని పోయాడు. ఆ ఇంటావిడ రోజూ పొద్దున ఆ పిల్లర్లకు నీళ్లు కొడుతూనే ఉండేది. ఇక ఎందుకమ్మా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

నేను అటక మీదికి ఎక్కించిన బీడీల చాట దించాను. బిడ్డ పుట్టినప్పటి నుంచి బీడీలు చేసి నడుపుకొచ్చిన ఇల్లు మాది. మా ఆయన జీతం కాస్త పెరిగాక, నా దగ్గు ఫోనులో విని, ఇంకెప్పుడూ చాట ముట్టనని ఒట్టు పెట్టించుకుని మాన్పించాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం చేతులు మరిచిపోలేదు. దగ్గు కూడా నన్ను మరిచిపోలేదు. జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే నా బిడ్డ పెట్టె సర్దుకుని వచ్చేసింది, రోజూ బస్సులో పోయి రావడం మొదలుపెట్టింది. వాడలో ఒకావిడ, పోనీలే, ఆడపిల్ల కళ్ల ముందు ఉంటుంది అని ఓదార్చింది. ఇట్లాంటి ఓదార్పులు విన్నప్పుడు మనిషిని కొట్టాలనిపించేది.

అయినా నాకొక ధైర్యం ఉండేది. సిరిసిల్లలో మా సాంచాలు నాలుగు ఉన్నాయి. సాంచా అంటే మరమగ్గమే, సిరిసిల్లలో ఎవరూ ఆ పెద్ద మాట అనరు. అవి నా తమ్ముడి షెడ్డులో, వాడి నాలుగింటి పక్కన ఉండేవి. మా పుట్టిల్లు కథలాపూర్‌లో కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇల్లు. మా నాయన నడుముకు మోకు బిగించి పొద్దు పొడవకముందే తాడెక్కిన మనిషి. తమ్ముడికి మాత్రం చెట్టంటే భయం. పదో తరగతి తప్పాక సిరిసిల్ల పోయి సాంచాల మీద పనికి కుదిరాడు, ఏళ్లకేళ్లు చేసి చివరికి సొంత సాంచాలు పెట్టుకుని తనే ఆసామి అయ్యాడు. మా ఆయనకు వాడంటే ముద్దు. దుబాయి సంపాదన అంతా గోడలకూ టైల్సుకూ పెడితే రేపు తిరిగొచ్చాక ఆ గోడలు నాకి బతుకుతామా అని, పాత సాంచాలు నాలుగు కొని వాడి షెడ్డులో వేయించాడు. ఇంటికొచ్చాక అవే బతుకుదెరువు అని ఆయన లెక్క.

ఆ సాంచాల మీద ఆయనకున్న మోజు చూస్తే నవ్వొచ్చేది, కోపమూ వచ్చేది. సెలవు మీద హైదరాబాద్‌లో దిగి బస్సెక్కితే దారిలోనే సిరిసిల్ల. అక్కడ దిగి, షెడ్డుకు పోయి, సాంచాలకు నూనె వేసి, గుడ్డతో తుడిచి, కాసేపు తానే నడిపి, ఆ తర్వాతి బస్సుకు ఇంటికొచ్చేవాడు. గోళ్ల సందుల్లో నల్లటి నూనెతో గడపలో నిలబడేవాడు. పెళ్లాం కంటే ముందు సాంచాలా అని నేను తిట్టేదాన్ని. అక్కడున్నప్పుడు కూడా వారానికోసారి తమ్ముడికి ఫోను చేసి, జర సప్పుడు వినిపియ్యి బామ్మర్ది అని అడిగేవాడట. ఫోను సాంచాల దగ్గర పెడితే టకటకమని ఆ మోత విని, సంతోషపడి పెట్టేసేవాడట. ఆ షెడ్డుకు ఎప్పుడు ఫోను చేసినా ఆ మోతలో మాట వినపడదు. తమ్ముడు బయటికి వచ్చి, అక్కా ఇప్పుడు చెప్పు అంటాడు.

యుద్ధం ముదిరాక ఒకనాడు మా ఆయన ఫోను మూగబోయింది. అంతకుముందు రోజు ఆ ఓడరేవు మీద దాడి జరిగిందని టీవీలో చూపించారు. నల్లటి పొగ, అందులో ఏది గోదామో ఏది ఓడో తెలియదు. నేను చేస్తే ఫోను కలవదు, ఆయన చేయడు. ఆయనతో ఉండే సారంగాపూర్ మనిషి ఫోనూ అంతే. గోదాములో ఉన్నవాళ్లు ఎవరూ మిగల్లేదని ఎవడో వాట్సాపులో పెట్టాడు. ఎవడు పెట్టాడో ఇప్పటికీ తెలియదు, వాని నోట్ల మన్ను వడ. ఆ సాయంత్రం నుంచి మా ఇంటికి ఆడవాళ్లు రావడం మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడ్పుకు సిద్ధమై వచ్చేవాళ్లు. నేను చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే వాళ్లకు నచ్చేది కాదు. ఏమన్నా తెలిసిందా అని అడుగుతూ నా మెడలో పుస్తెలవైపు చూసేవాళ్లు. ఒకరిద్దరిని లేచి పొమ్మన్నాను. నోరు పెద్దది అనుకున్నారు, అనుకోనీ.

ఆ రోజుల్లోనే తమ్ముడికి రెండు మూడుసార్లు ఫోను చేశాను. వెనక సాంచాల మోత లేదు, టీవీ మాటలే వినపడ్డాయి. అడిగితే కరెంటు పోయిందన్నాడు. ఇంకోసారి మోటరు కాలిందన్నాడు. కరెంటు పోయిన ఇంట్లో టీవీ ఎట్లా మొత్తుకుంటోందో అడగాలని నాకు తోచలేదు. పాలిస్టర్ నూలు చమురులోంచే తీస్తారట, అక్కడ చమురు ఆగేసరికి ఇక్కడ నూలు ధర నిప్పయిందని, సిరిసిల్లలో షెడ్లకు తాళాలు పడుతున్నాయని వాడే చెప్పాడు. నేను ఊ కొట్టాను. నా ప్రాణమంతా ఇంకో ఫోను మీద ఉంది.

అట్లాంటప్పుడు తమ్ముడే ఫోను చేసి, అక్కా, ఒడిబియ్యం పోస్తాం, కథలాపూర్ రా అన్నాడు.

పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడి నింపడం మా దగ్గర చాలా పెద్ద మర్యాద. మూడేళ్లకో ఐదేళ్లకో పోస్తారు. నాకు కిందటేడాదికి ముందు ఏడే పోశారు, మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు, ఇద్దరినీ పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి. మళ్లీ అప్పుడే ఎందుకు, అదీ ఆయన లేకుండా? పైగా ఎప్పుడూ సిరిసిల్లలో తమ్ముడి ఇంట్లో పోసేవాళ్లు. ఈసారి తాళం వేసి ఉండే కథలాపూర్ పాత ఇంట్లో అంటున్నాడు. అమ్మ మసలిన ఇల్లు అక్కా, అక్కడైతే మంచిగుంటుంది అన్నాడు. ఇవన్నీ నాకు తట్టలేదని కాదు, తట్టాయి. అయినా ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎందుకంటే ఒడిబియ్యం మొగుడు బతికున్న ఆడదానికే పోస్తారు. ఊరంతా నా పుస్తెలవైపు చూస్తున్నప్పుడు నా తమ్ముడొక్కడు నా ఒడి నింపుతానంటున్నాడు. అంటే వాడికి నమ్మకం ఉంది, బావ బతికే ఉన్నాడని నమ్మకం. ఆ రాత్రి నా తమ్ముడిని తలుచుకుని ఏడ్చాను, ప్రేమతోనే.

బిడ్డను తీసుకుని కథలాపూర్ పోయాను. తమ్ముడూ మరదలూ ముందే వచ్చి ఇల్లు కడిగి, ముగ్గేసి ఉంచారు. కొత్త చీర కట్టించారు. పీట మీద తూర్పుకు మొఖం పెట్టి కూర్చోబెట్టారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రైక బట్ట అన్నీ పళ్లెంలో ఉన్నాయి. మరదలు నా మొఖం చూడకుండానే బొట్టు పెట్టింది. ఇద్దరూ కలిసి దోసిళ్లతో నా ఒడిలో బియ్యం పోశారు. తమ్ముడు ఎన్ని దోసిళ్లు పోశాడో లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మా ఆయన గురించి బాధ అనుకున్నాను. ఒడి నిండితే కాళ్ల మీద ఆ బరువుకు ఆడది కదల్లేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటి వాళ్ల తువ్వాలలో వెనక్కి వేయాలి. ఆడబిడ్డ అంతా ఊడ్చుకుపోలేదు, పుట్టిల్లు చల్లగా ఉండాలని కోరుకుంది అని దాని అర్థం.

మరదలు తువ్వాల పరిచింది. నేను మొదటి పిడికిలి పట్టాను. అప్పుడే నా బిడ్డ చేతిలో ఫోను మోగింది. తెలియని నంబరు. అది చూసి, ఎత్తి, నాన్నా అని అక్కడే కూలబడింది.

నేను లేవలేను. ఒడినిండా బియ్యం. బిడ్డే మోకాళ్ల మీద జరిగి వచ్చి ఫోను నా మొఖం ముందు పెట్టింది. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, ఎవరిదో ఫోనులో మా ఆయన. దాడి జరిగిన రోజు ఆయన గోదాములో లేడట, ఆ తర్వాత కూలీలందరినీ ఎక్కడెక్కడో దాచారట, ఆయన ఫోను అక్కడే పోయిందట. నేను ఏడుస్తుంటే ఆయన నవ్వే ప్రయత్నం చేశాడు.

"ఏడ్వకే, మంచిగనే ఉన్న. కంపెనీ మూతవడ్డది. బస్సుల బార్డర్ దాటిస్తున్నరు, ఆడికెల్లి విమానం ఎక్కుత. ఇంక మల్ల పోను. నాలుగు సాంచలున్నయి గద, గవి నడుపుకుంట ఇంటికాడనే ఉంట."

నేను తలెత్తి తమ్ముడిని చూశాను, వాడు కూడా నాలాగే ఏడుస్తూ ఉంటాడని. వాడు గోడకు ఆనుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మరదలు వెనక్కి తిరిగి పళ్లెం సర్దుతోంది. ఫోనులో మా ఆయన, బామ్మర్ది పక్కనున్నాడా, సాంచాల సప్పుడు విని ఎన్నొద్దులాయె, రేపు జర వినిపియ్యమను అంటున్నాడు. ఆ మాట మధ్యలోనే ఫోను కట్టయింది.

ఏమైందిరా అని అడిగాను.

"సాంచలు లేవక్క. అమ్మిన. తుక్కుల వోయినయి."

ఇప్పుడు ఎవరికి చెప్పినా పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. పాత ఇనుము కింద సాంచాలు పోవడం సిరిసిల్లలో కొత్త కాదు. నూలు ధర రోజురోజుకూ పెరుగుతోందట. చేతిలో పైసలు ఉన్నవాడు నూలు కొని పెట్టుకుంటే లాభమట. అందుకని మావి నాలుగూ విప్పించి, తూకం వేయించి, ఆ పైసలతో నూలు కొన్నాడు. తనవి నాలుగూ అట్లే ఉన్నాయి. వాటికి బట్ట పెట్టి కప్పాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ ఇంకొకడు నా తోడబుట్టినవాడే అవుతాడని నేను ఏనాడూ అనుకోలేదు. ఎవరిని అడిగి అమ్మావని అరిచాను. నాకు ఫోను చేయడానికి నోరు రాలేదా, నీ బావకు ఏం చెప్పమంటావు అని అరిచాను. అప్పుడన్నాడు వాడు ఆ మాట.

"బావ మల్ల అస్తడనుకుంటే అమ్ముదునా అక్క?"

వాడు అది తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే అన్నాడు. అందుకే అది ఇప్పటికీ నా గుండెలో దిగబడి ఉంది. వాడి లెక్కలో మా ఆయన ఎప్పుడో చచ్చిపోయాడు. వాట్సాపులో ఎవడో రాసిన దాన్ని నమ్మి, చచ్చినవాడికి సాంచాలు ఎందుకని అమ్మేశాడు. ఖాళీ షెడ్డు నా కంట పడకుండా కథలాపూర్ పిలిచారు, సరే, మరి ఈ ఒడిబియ్యం ఎందుకు? రేపు చావు కబురు వస్తే మళ్లీ నా ఒడి నింపే హక్కు వాళ్లకు ఉండదు. ఆ కబురు రాకముందే ఆఖరిసారి పసుపు బియ్యం పోసి, కొత్త చీర కట్టి, చేతులు దులుపుకుందామని. నేను నా మొగుడి బతుకు కోసం పోస్తున్నారనుకుని తలవంచి కూర్చున్న బియ్యం అది. వాళ్లు నన్ను సాగనంపడానికి పోసిన బియ్యం.

పిడికిలి ఇంకా నా చేతిలోనే ఉంది. తువ్వాల నా ముందు పరిచి ఉంది. మరదలు మెల్లగా, వదినా, ఐదు పిడికిళ్లు వెయ్యి, ఆలస్యం చెయ్యొద్దు అంది. నేను ఆ పిడికిలి మళ్లీ నా ఒడిలోనే వేసుకున్నాను. కొంగు గట్టిగా ముడేశాను. బిడ్డను పట్టుకుని లేచాను. గడప దాటేటప్పుడు రెండు గింజలు కింద పడితే వంగి అవి కూడా ఏరుకున్నాను. మరదలు అప్పుడు ఏడ్చింది. సాంచాలు అమ్మినప్పుడు రాని ఏడ్పు పిడికిలి బియ్యానికి వచ్చింది.

మా ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎడారి దారిలో ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వస్తున్న మనిషికి ఫోనులో ఏమని చెప్పను? ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన ముందు సిరిసిల్లలో దిగుతాడని ఎట్లా మరిచిపోయానో నాకే తెలియదు. ఆ రోజు గడపలో నిలబడ్డప్పుడు ఆయన చేతులు చూశాను. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఎప్పుడూ నూనె చేతులతో ఇంటికి రావద్దని తిట్టే నాకు ఆ చేతులు చూడబుద్ధి కాలేదు. షెడ్డులో ఏం చూశావని నేను అడగలేదు. నేల మీద నాలుగు నూనె మరకలు ఉన్నాయే అన్నాడు. అంతే అన్నాడు. నాలాగా తిట్టే మనిషి కాదు.

మర్నాడే ఒడిబియ్యం వండాను. వాడ ఆడవాళ్లందరినీ పిలిచాను, నా పుస్తెలవైపు చూసినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాను. మా ఆయనకు నేనే వడ్డించాను. సాంచాల తుక్కు ధర తమ్ముడు పంపాడు, కిలోల లెక్కన, ఒక్క రూపాయి తక్కువ లేకుండా. వాడు దొంగ అని నేను అనలేను, అందుకే ఇంకా మండుతుంది. మా ఆయన ఇప్పుడు కోరుట్లలో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు, పని లేని పూట నా పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తాడు. ఫోర్క్‌లిఫ్ట్ పట్టిన చేతులకు ఆ చిన్న కత్తెర అమరదు. బిడ్డ చదువు మానలేదు. అదొక్కటే ఆ యుద్ధం మా ఇంట్లో ముట్టనిది.

తమ్ముడు కొన్నాళ్లు వెలిగాడు. కొన్న నూలు కొంత అమ్మి, ఆ లాభంతో ఇంకింత కొన్నాడు. గదుల నిండా పెట్టాడు. ఒకరోజు కాల్పులు ఆగాయని టీవీలో చెప్పారు. వాడలో మిఠాయిలు పంచారు. సిరిసిల్లలో నూలు ధర దబ్బున పడిందట. నిప్పు ధరకు కొన్న నూలు వాడి ఇంట్లో అట్లే ఉంది. అప్పుడు మరదలికి ఆ ఐదు పిడికిళ్లు గుర్తొచ్చాయి. ఆడబిడ్డ ఒడి అంతా ఊడ్చుకుపోయింది, అందుకే ఇల్లు పాడైంది అని తేల్చింది. యుద్ధం కాదు, ఆశ కాదు, నా పిడికిలి.

మొన్న తమ్ముడు వచ్చాడు. ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చాడు. చంకలో కొత్త తువ్వాల, మడత విప్పనిది. మా ఆయన లేచి కుర్చీ వేశాడు, నీళ్లు ఇచ్చాడు. వాడు కుర్చీలో కూర్చోలేదు, గడపలోనే చతికిలబడ్డాడు. గా ఐదు పిడికిళ్లు ఎయ్యక్క, నీ తమ్ముని ఇల్లు నిలవడ్తది అని బతిమాలాడు. చిక్కిపోయాడు. వాడి మొఖంలో మా నాయన కనిపించాడు, ఒక్క నిమిషం నా చెయ్యి చాట మీద ఆగింది. మా ఆయన ఆకు కత్తిరిస్తూనే, మన డబ్బల బియ్యం తీసి వెయ్యరాదే, ఏమైతది అన్నాడు.

"డబ్బల బియ్యం ఎందుకు పనికొస్తయి? ఒడిబియ్యమే గద కావాల్సింది. గవి లేవు తమ్మి, ఎప్పుడో వండిన" అన్నాను. "మల్ల రాడనుకున్నవ్ గద, గా మనిషే తిన్నడు."

మా ఆయన కత్తెర ఆగింది. తమ్ముడు బావ మొఖంలోకి చూడలేక నేల చూశాడు. లేచి, తువ్వాల మళ్లీ చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.